‘ఇంత అరుదైనది దానంతట అది జరుగుతుందా?’ అని అడిగినప్పుడు లెక్క చూసే పద్ధతి

"వంద అమైనో ఆమ్లాలున్న ఒక ప్రొటీన్ యాదృచ్ఛికంగా ఏర్పడే అవకాశం ఎంతో తెలుసా? ఒకటి పక్కన 130 సున్నాలు పెట్టండి, అందులో ఒక వంతు. కాబట్టి పరిణామ సిద్ధాంతం అబద్ధం." ఇలాంటి వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "చచ్చినవాడు లేచి కూర్చోవడం, రాతి విగ్రహం పాలు తాగడం, వీటికి అవకాశం సున్నా. కాబట్టి మతం అబద్ధం." ఈ మాటా వినే ఉంటారు. ఈ రెండూ అనేవాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. వాదన మాత్రం ఇద్దరిదీ ఒకటే: ఇది మరీ అరుదు, కనుక నిజం కాదు.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది కాకినాడలో. మా అత్తగారు పొద్దున్నే విష్ణు సహస్రనామం చదవందే కాఫీ తాగరు. మా తమ్ముడు హేతువాద సభల్లో మాట్లాడతాడు. సంక్రాంతికి అందరం కలిస్తే భోజనాల దగ్గర ఈ చర్చ తప్పదు. చివరికి ఇద్దరూ నా వైపు తిరుగుతారు, లెక్కల మనిషిని కదా, తీర్పు చెప్పమని. నేను చెప్పేది ఇద్దరికీ నచ్చదు. ఒక సంఖ్య ఎంత చిన్నదైనా సరే, ఒంటరిగా అది దేన్నీ రుజువు చేయలేదు, దేన్నీ కొట్టేయలేదు. దాని పక్కన పెట్టి చూడడానికి ఇంకో సంఖ్య కావాలి. ఆ రెండోదాన్ని ఎలా అడగాలో, మొదటిదాన్ని కట్టిన తీరులో ఎక్కడ తప్పులు దొర్లుతాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక పేకముక్కల కట్ట, పది లూడో పాచికలు, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నిజంగా చేసి చూస్తేనే ఇది ఒంటబడుతుంది.

ముందు ముక్కలు పంచండి

ఒక్క కట్ట తీసుకుని బాగా కలిపి మీ ముందు 13 ముక్కలు వేసుకోండి. 52 ముక్కల్లోంచి 13 రాగల విధాలు 63,501 కోట్ల పైచిలుకు. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆ పదమూడే రావడానికి ఉన్న అవకాశం 63,501 కోట్లలో ఒకటి. అయినా వచ్చాయి. మీకేమీ ఆశ్చర్యం కలగలేదు, కలగాల్సిన పనీ లేదు.

ఇప్పుడు ఆ పదమూడూ ఇస్పేట్లే అనుకోండి. దాని అవకాశం కూడా సరిగ్గా అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ఈసారి మీరు పంచినవాడి చేతుల వంక చూస్తారు. ఎందుకంటే ఇక్కడ పోటీగా ఇంకో వివరణ ఉంది: వాడు ముక్కలు పేర్చి ఉండొచ్చు. పేర్చి ఉంటే ఇస్పేట్లన్నీ ఒకరికే రావడం చాలా సులువు. మొదటిసారి వచ్చిన కలగాపులగం ముక్కలకు అలాంటి రెండో వివరణ ఏదీ లేదు.

ఇంకొక్క అడుగు వేయండి. పంచింది ఏడేళ్ల మనవడైతే? వాడికి ముక్కలు చేతిలో పట్టుకోవడమే రాదు. అప్పుడు మీ అనుమానం చాలావరకు తగ్గుతుంది. బహుశా కట్ట కొత్తదేమో, సరిగ్గా కలపలేదేమో అని ఇంకో కారణం వెతుకుతారు.

అరుదు అనే వాదన ఎవరు తెచ్చినా అడగాల్సిన మూడు ప్రశ్నలు ఇందులోనే ఉన్నాయి. మీరు కాదంటున్న వివరణ నిజమైతే ఇది జరిగే అవకాశం ఎంత? మీరు ఔనంటున్న వివరణ నిజమైతే ఇదే జరిగే అవకాశం ఎంత? అసలు ఈ రెండు వివరణల్లో దేనికి ముందునుంచే ఎంత ఆధారం ఉంది? వాదించేవాళ్లు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి ఆగిపోతారు. మిగిలిన రెండూ మీరు అడగాలి. దీన్ని లెక్కగా కట్టే సూత్రం థామస్ బేయస్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడిది. ఆయన పోయాక స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ 1763లో అచ్చు వేయించాడు. ఆయన కూడా మతాచార్యుడే. ఈ ప్రైస్ మళ్లీ మనకు అవసరమవుతాడు.

ఎన్ని అవకాశాలు దొరికాయో లెక్కపెట్టండి

"మా పిన్ని పోయినట్టు కల వచ్చింది, తెల్లారి ఫోన్ వచ్చింది" అని ఎవరో ఒకరు చెప్పగా మనం అందరం విన్నాం. చెప్పేవాళ్లు అబద్ధం ఆడరు. ఒక మనిషికి ఒక రాత్రి ఇలా జరగడం నిజంగానే చాలా అరుదు. కానీ కాగితం మీద ఇలా వేసి చూడండి.

ప్రతి మనిషికీ పదేళ్లకు ఒక్కసారి తెలిసినవాళ్లు పోయినట్టు కల వస్తుందనుకుందాం. ఇది నేను లెక్క కోసం అనుకున్న సంఖ్య, మీరు మార్చుకోవచ్చు. 140 కోట్ల మందిని 3,650 రోజులకు పంచితే మన దేశంలో రాత్రికి దాదాపు 3,80,000 అలాంటి కలలు. ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ఏడుగురు చనిపోతారు కాబట్టి, ఫలానా మనిషి ఫలానా రోజునే పోయే అవకాశం దాదాపు 52,000లో ఒకటి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఏడు వస్తుంది. అంటే కలకూ చావుకూ ఏ సంబంధమూ లేకపోయినా, రోజుకు ఏడు కలలు దేశంలో ఎక్కడో ఒకచోట నిజమవుతాయి. ఏడాదికి రెండున్నర వేలు. నిజానికి ఇంకా ఎక్కువే ఉండాలి, ఎందుకంటే మనం చాలాసార్లు కలగనేది జబ్బుతో మంచాన ఉన్నవాళ్ల గురించే. నిజం కాని లక్షల కలల్ని టిఫిన్ తినేలోపే మర్చిపోతాం.

2009 సెప్టెంబరులో బల్గేరియా లాటరీలో 4, 15, 23, 24, 35, 42 అనే ఆరు అంకెలు 6వ తేదీన వచ్చాయి. 10వ తేదీన జరిగిన తర్వాతి డ్రాలో మళ్లీ అవే ఆరు వచ్చాయి. 42 అంకెల్లోంచి ఆరు తీస్తే 52 లక్షల పైచిలుకు విధాలు. మోసమని గోల రేగింది, మంత్రి విచారణకు ఆదేశించాడు, మోసమేమీ దొరకలేదు. ప్రపంచంలో ఎన్ని దేశాల్లో ఎన్ని లాటరీలు వారానికి ఎన్నిసార్లు తీస్తారో, ఎన్ని దశాబ్దాలుగా తీస్తున్నారో ఆలోచించండి. ఎక్కడో ఎప్పుడో వరుసగా రెండుసార్లు అవే రావడం పెద్ద వింత కాదు. అయితే ఒక్క మాట, విచారణ చేయడం మాత్రం సరైన పనే. పోటీ వివరణ ఉన్నప్పుడు దాన్ని పరీక్షించాలి.

క్లాసులో నేను పుట్టినరోజుల లెక్క చేయించేదాన్ని. 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైన. 57 మంది ఉంటే నూటికి 99. పిల్లలు నమ్మరు, తేదీలు చెప్పించగానే కలుస్తాయి. "నా పుట్టినరోజుతో ఎవరిది కలుస్తుంది" అన్నది ఒక ప్రశ్న, "ఎవరిది ఎవరితోనైనా కలుస్తుందా" అన్నది వేరే ప్రశ్న. మహిమ అని చెప్పే చాలా సంగతుల్లో ముందు రెండో ప్రశ్నకు జవాబు వస్తుంది. తర్వాత దానికి మొదటి ప్రశ్న లెక్క తగిలిస్తారు. మీకు ఎవరైనా ఇలాంటి సంగతి చెప్పినప్పుడు, జరగకముందు ఏది జరుగుతుందని చెప్పారో అడగండి. ముందే చెప్పి, రాసిపెట్టి, అదే జరిగితే అప్పుడు దానికి బరువుంటుంది.

గుణించిన చోట ఆగండి

పెద్ద పెద్ద సున్నాల సంఖ్యలన్నీ గుణకారం నుంచే పుడతాయి. గుణించాలంటే సంగతులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఇది నిర్లక్ష్యం చేస్తే ఎంత దారుణం జరుగుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ సాలీ క్లార్క్ సంగతి చెబుతాను, చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. ఇంగ్లాండులో ఆమెకు పుట్టిన ఇద్దరు మగపిల్లలు ఒకరు 1996లో, ఒకరు 1998లో పసికందులుగానే హఠాత్తుగా చనిపోయారు. ఆమే చంపిందని కేసు. అలాంటి కుటుంబంలో ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి అని, దాన్ని దానితోనే గుణించి రెండు మరణాలకు 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అని కోర్టులో ఒక పిల్లల వైద్య నిపుణుడు చెప్పాడు. 1999లో జీవితఖైదు పడింది.

ఇందులో తప్పులు రెండు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డలకు ఒకే వంశపారంపర్య లోపం ఉండొచ్చు. అలాంటప్పుడు గుణించకూడదు. రెండోది ఇంకా పెద్దది. తల్లి తన ఇద్దరు పసిబిడ్డల్నీ చంపడం ఎంత అరుదు? ఆ సంఖ్య ఎవరూ అడగలేదు. రెండూ అరుదైనవే, బిడ్డలు చనిపోయారన్నది జరిగిపోయింది, కాబట్టి ఆ రెండింట్లో ఏది ఎక్కువ అరుదో చూడాలి. బ్రిటన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో ఈ లెక్కను బహిరంగంగా ఖండించింది. బయటపెట్టని ఒక వైద్య పరీక్ష ఫలితం కూడా వెలుగులోకి వచ్చాక 2003లో ఆమె విడుదలైంది. నాలుగేళ్లకే చనిపోయింది.

ఇప్పుడు ప్రొటీన్ల దగ్గరకు రండి. ఈ లెక్కల్లో పేరుపొందినది ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్‌ది. జీవానికి రెండువేల ఎంజైములు, అంటే ఒంట్లో రసాయన చర్యలు నడిపే ప్రొటీన్లు కావాలి, ఒక్కొక్కటి దొరికే అవకాశం ఒకటి పక్కన 20 సున్నాలలో ఒకటి, అన్నీ గుణిస్తే ఒకటి పక్కన 40,000 సున్నాలు. పాత ఇనుప సామాన్ల మీదుగా సుడిగాలి వీస్తే బోయింగ్ 747 తయారవుతుందా అని అడిగాడాయన. ఈ మాటను మతప్రచారకులు బాగా వాడుకుంటారు గానీ, హోయల్ మతవిశ్వాసి కాడు.

ఆయన గుణకారం సరైనదే. కానీ అది అన్నీ ఒకేసారి, ఒకే దెబ్బకు, ముందే నిర్ణయించిన రూపంలో రావాలన్న సంగతికి కట్టిన లెక్క. జీవశాస్త్రం అలా వచ్చాయని చెప్పడం లేదు. పది పాచికలు తీయండి. పదీ ఒకేసారి వేసి పదింటికీ ఆరు పడాలంటే సగటున 6 కోట్ల సార్లకు పైగా వేయాలి. ఇప్పుడు పద్ధతి మార్చి, ఆరు పడినవి పక్కన పెట్టి మిగతావే మళ్లీ వేయండి. సగటున పదహారు పదిహేడు సార్లలో అయిపోతుంది. కిందటి వేసవిలో మా తమ్ముడి కూతురితో చేయించాను. "అత్తా, ఇది మోసం, నువ్వు ఆరు కావాలని ముందే అనుకున్నావుగా" అంది. మంచి ప్రశ్న. ప్రకృతికి ముందే అనుకున్న ఆరు లేదు, ఆ క్షణానికి బతకడానికి పనికొచ్చింది నిలుస్తుంది, అంతే. పాచికల ఆట చెప్పేది ఒక్కటే: దొరికినదాన్ని నిలుపుకునే ఏర్పాటు ఉంటే ఒక్కసారిగా గుణించే లెక్క చెల్లదు.

జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్స్కీ 1988లో అమెరికాలో మొదలుపెట్టిన ప్రయోగంలో ఇది కళ్లారా చూడొచ్చు. ఒకే బాక్టీరియాను 12 గాజు కుప్పెల్లో వేర్వేరుగా పెంచుతూ వచ్చారు. వాటికి పోసే ద్రవంలో సిట్రేట్ అనే పదార్థం ఎప్పుడూ ఉండేది, గాలి తగిలే చోట ఆ బాక్టీరియా దాన్ని తినలేదు. దాదాపు 31,500 తరాల తర్వాత పన్నెండింట్లో ఒక్క కుప్పెలోవి తినడం నేర్చాయి. గడ్డకట్టించి దాచిపెట్టిన పాత తరాలను కరిగించి మళ్లీ పెంచి చూస్తే, మొదటి తరాలవాటికి అది రాలేదు, తర్వాతి తరాలవాటికి కొన్నిసార్లు వచ్చింది. మధ్యలో జరిగిన మార్పులు దారి వేశాయన్నమాట.

ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. నిలుపుకోవడం మొదలవ్వాలంటే ముందు తనను తాను నకలు తీసుకునే అణువు ఏదో ఒకటి ఉండాలి. అది మొదట ఎలా వచ్చిందన్నదానికి సైన్సు దగ్గర తేలిన జవాబు ఇంకా లేదు. మా తమ్ముడు ఈ మాట సభల్లో చెప్పడు, చెప్పాలని నేనంటాను. తేలలేదు అన్నంత మాత్రాన 40,000 సున్నాల లెక్క మళ్లీ బతికి రాదు.

‘యాదృచ్ఛికం కాదు’ దగ్గర నుంచి ఎక్కడికి దూకుతున్నారో చూడండి

సంభావ్యతతో దేవుణ్ణి నిరూపించే ప్రయత్నాల్లో నాకు బాగా ఇష్టమైనది జాన్ ఆర్బత్‌నాట్‌ది. ఆయన లండన్‌లో వైద్యుడు. 1629 నుంచి 1710 దాకా 82 ఏళ్ల బాప్తిస్మం రికార్డులు తీసుకున్నాడు. ప్రతి ఏడాదీ ఆడపిల్లల కంటే మగపిల్లలే ఎక్కువ. బిడ్డ ఆడా మగా అన్నది బొమ్మా బొరుసూ లాంటిదైతే 82 ఏళ్లు వరుసగా ఇలా జరిగే అవకాశం, రెండును 82 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒకటి. అది 25 అంకెల సంఖ్య. కాబట్టి ఇది దైవ సంకల్పం, మగవాళ్లు ప్రమాదాల్లో ఎక్కువగా పోతారు గనుక దేవుడు ముందే సరిచేశాడు అన్నాడు.

మా విద్యార్థులకు చెప్పేదాన్ని, ఇందులో మొదటి సగం అద్భుతమని. మనం ఈనాడు మందుల పరీక్షల్లో వాడే పద్ధతికి ఇది తొలి రూపం. సరిగ్గా సగం సగం అన్న ఊహను ఆయన న్యాయంగానే కొట్టేశాడు. రెండో సగమే తొందరపాటు. గణిత శాస్త్రవేత్త నికోలస్ బెర్నూలీ అప్పట్లోనే చూపించాడు: 35 ముఖాలున్న పాచికలో 18 మగ, 17 ఆడ అనుకోండి. అలాంటి పాచికతో ఏటా వేల బిడ్డలు పుడితే ఏటేటా మగపిల్లలు ఎక్కువ కావడం మామూలే. "సగం సగం కాదు" అన్నదానికీ "దేవుడే" అన్నదానికీ మధ్య 18:17 అనే చిన్న వివరణ నిలబడి ఉంది, ఆర్బత్‌నాట్ దాన్ని అడగలేదు.

ఒక భక్తుడు మాత్రం ఇక్కడ లేచి, "ఆ 18:17ని పెట్టినవాడెవడు?" అని అడగొచ్చు. అడగనివ్వండి. అది సరైన ప్రశ్నే, కానీ దానికి ఆ 25 అంకెల సంఖ్య ఇక సాయం చేయదు. అది వేరే ఆధారాల మీద నిలవాలి.

ఇదే తూకం సాక్షుల మీద కూడా వేయండి

ఇప్పుడు హేతువాదుల వైపు. 1748లో డేవిడ్ హ్యూమ్ అనే తత్వవేత్త చెప్పినదాని సారం ఇది: ఒక అద్భుతం జరిగిందని ఎవరైనా చెబితే, అద్భుతం జరగడమూ, చెప్పినవాళ్లు పొరబడడమూ, రెండింట్లో ఏది ఎక్కువ వింతో చూడు. తక్కువ వింతైనదాన్ని నమ్ము. ఇది మంచి సూత్రమే, ఎందుకంటే ఇందులో రెండు సంఖ్యలూ ఉన్నాయి. కానీ దీన్ని వాడేవాళ్లు చాలాసార్లు ఒక్కదానితోనే ఆగుతారు: అద్భుతం అరుదు, కనుక సాక్ష్యం చెల్లదు.

దానికి జవాబు 1767లో ప్రైస్ ఇచ్చాడు. లాటరీలో ఫలానా వరుసలో టికెట్లు వచ్చాయని పత్రిక రాస్తుంది. ముందుగా చూస్తే ఆ వరుస ఊహకందనంత అరుదు. అయినా ఒక్క పత్రిక రాస్తే నమ్ముతాం. నమ్మడం తప్పు కూడా కాదు. సంగతి అరుదైనంత మాత్రాన సాక్ష్యం కొట్టుకుపోదు. ఆ సంగతి జరగకపోతే కూడా ఆ సాక్షి సరిగ్గా అదే మాట చెప్పి ఉండేవాడా అన్నది చూడాలి.

చదువుకున్నవాళ్లు ఈ విషయంలో ఘోరంగా తప్పిన సందర్భం ఒకటుంది. ఆకాశం నుంచి రాళ్లు పడతాయని పల్లె జనం ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. 1768లో ఫ్రాన్స్‌లోని ల్యూసేలో పడిన రాయిని పరీక్షించి, ఇది మామూలు రాయే, పిడుగు తగిలి ఉంటుందని సైన్స్ అకాడమీకి 1772లో నివేదిక ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో లావోయిజే ఉన్నాడు, ఆధునిక రసాయన శాస్త్రానికి తండ్రి అనిపించుకున్న మనిషి. తర్వాత 1803 ఏప్రిల్ 26న లేగిల్ అనే ఊరి చుట్టుపక్కల దాదాపు మూడువేల రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం జాన్-బాటిస్ట్ బియో అనే యువ శాస్త్రవేత్తను పంపింది. ఆయన ఊరూరూ తిరిగి, ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షుల్ని అడిగాడు. రాళ్లు పడిన మేర ఎంతో కొలిచాడు. ఆ ప్రాంతంలో సహజంగా దొరకని ఒకే రకం రాళ్లు అన్నిచోట్లా ఉన్నాయని చూపించాడు. రాళ్లు నిజంగా పడకపోతే ఇవన్నీ ఒకేలా కలిసివచ్చే దారే లేదు. దాంతో శాస్త్రలోకం ఒప్పుకుంది.

ఇదే పద్ధతి 1995 సెప్టెంబరు 21కి వేయండి. వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న కబురు ఢిల్లీలో మొదలై ఒక్క రోజులో దేశమంతా, విదేశాల్లో గుళ్ల దాకా పాకింది. మా వీధి గుడి దగ్గరా క్యూ కట్టారు. మా అత్తగారు స్టీలు గిన్నెలో పాలు పట్టుకెళ్లి వచ్చి, చెంచా ఖాళీ అవడం తన కళ్లతో చూశానన్నారు. అప్పుడు మా తమ్ముడు "అంతా అబద్ధం" అన్నాడు, నాకు ఆ మాటే నచ్చలేదు. లక్షలమంది చెంచా ఖాళీ అయిందంటే అయిందనే అర్థం. లెక్క చూడాల్సింది వాళ్లు చూసినదాని గురించి కాదు, దానికిచ్చిన వివరణ గురించి.

రెండు వివరణలు పక్కపక్కన పెట్టండి. విగ్రహం తాగుతోంది అన్నది ఒకటి. తడి రాతికి చెంచా అంచు ఆనిస్తే తలతన్యత వల్ల పాలు పైకి లాగబడి, పల్చటి పొరగా రాతి మీదుగా కిందికి జారుతున్నాయి అన్నది రెండోది. చెంచా ఖాళీ అవడం రెండింట్లోనూ జరుగుతుంది, కాబట్టి చెంచా ఈ రెండింటి మధ్య ఏమీ తేల్చదు. తేల్చేది వేరే కావాలి. కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు, రంగు విగ్రహం మీదుగా కిందికి కారుతూ కనిపించింది. తాగుతూ ఉంటే అలా కనిపించదు. "అది అసంభవం" అన్న మాట వాడకుండానే విషయం తేలింది. మా అత్తగారితో నేను ఇంతే అన్నాను: "అత్తయ్యా, మీరు చూసింది నిజమే. పాలలో కొంచెం కుంకుమ కలిపి పడదాం, ఎటు పోతాయో చూద్దాం." ఆవిడ ఒప్పుకోలేదు. కానీ కోపమూ రాలేదు.

సైన్సు తన సొంత ఇంట్లో కూడా ఇదే నియమం పాటించాలి, పాటిస్తోంది. 2011లో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతికంటే వేగంగా వెళ్లాయని ఇటలీలో ఒక ప్రయోగం చూపించింది. సుమారు 730 కిలోమీటర్ల దూరానికి 60 నానోసెకన్లు ముందే వచ్చాయట. అది కేవలం కొలతల్లోని సహజమైన హెచ్చుతగ్గుల వల్ల వచ్చే అవకాశం కోట్లలో ఒకటి కూడా లేదు. అయినా చాలామంది భౌతిక శాస్త్రవేత్తలు నమ్మలేదు, ఎందుకంటే "పరికరంలో ఎక్కడో తేడా" అన్న పోటీ వివరణ ఇంకా బతికే ఉంది. చివరికి ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని తేలింది.

మొత్తం విశ్వం గురించి, దేవుడి గురించి

ఇక్కడ మాత్రం లెక్క నెమ్మదించాలి. భౌతిక స్థిరాంకాలు, అంటే ప్రకృతిలోని బలాలు ఎంతెంతో చెప్పే మారని సంఖ్యలు, ఏ కొంచెం వేరుగా ఉన్నా నక్షత్రాలుండవు, జీవం ఉండదు, కాబట్టి ఎవరో సరిచేసి పెట్టారు అంటారు. నేను ఈ వాదనను తేలిగ్గా తీసుకోను, గంభీరమైన శాస్త్రవేత్తలు కూడా దీని మీద తల పట్టుకున్నారు. కానీ సంభావ్యత చెప్పాలంటే ఏ సంచిలోంచి తీస్తున్నామో తెలియాలి. స్థిరాంకాలు వేరే విలువలు తీసుకోగలవా, ఏ విలువ ఎంత తరచుగా వస్తుంది? మనకు తెలిసిన విశ్వం ఒక్కటే. ముఖాలెన్నో తెలియని పాచికకు సున్నాలు లెక్కకట్టలేం.

దీనికి నాస్తికుల జవాబు ఒకటుంది: విశ్వం సంక్లిష్టం కనుక అరుదైతే, దాన్ని తయారుచేసినవాడు ఇంకా సంక్లిష్టం, ఇంకా అరుదు. మా తమ్ముడికి ఇది చాలా ఇష్టం. "అక్కా, దేవుడు ఉండే అవకాశం కోటిలో ఒకటి కూడా లేదు" అంటాడు. "ఆ కోటి ఎక్కడ లెక్కపెట్టావురా?" అని అడుగుతాను. భాగాలు ఎలా కలిశాయన్నదాన్ని బట్టి కదా ప్రొటీన్‌కు అరుదు అన్నాం. అద్వైతులు బ్రహ్మం నిరవయవం అంటారు, దానికి అవయవాలే లేవు. ఆ మాట ఒప్పుకోమని నేననను. కానీ భాగాలున్న వస్తువుకు కట్టే లెక్కను భాగాలు లేవన్నదాని మీద వేయడం కుదరదు.

మన దగ్గర ఈ చర్చ సున్నాలు లేకుండానే చాలా లోతుగా జరిగింది. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, కుండకు కుమ్మరి ఉన్నట్టే భూమికీ కర్త ఉండాలి, ఎందుకంటే అదీ కార్యమే, అంటే ఒక కారణం వల్ల పుట్టినదే అన్నారు. బౌద్ధ తార్కికులు వ్యాప్తి దగ్గర, అంటే ‘ఇది ఉన్నచోటల్లా అదీ ఉంటుంది’ అన్న నియమం దగ్గర పట్టుకున్నారు. కుండలూ మేడలూ చేసేవాళ్లను చూశాం కాబట్టి వాటికి కర్త ఉన్నాడంటాం. కొండలను ఎవరైనా చేయడం ఎక్కడ చూశాం? చూసిన జాతికి చెందిన నియమాన్ని చూడని జాతికి ఎలా పొడిగిస్తాం? వెయ్యేళ్ల కిందటి ఈ అభ్యంతరం, ముందు చెప్పిన సంచి ప్రశ్నా ఒకటే. ఇది ఆస్తికుల సున్నాలకూ తగులుతుంది, మా తమ్ముడి కోటికీ తగులుతుంది.

హోయల్‌కు న్యాయం చేయడానికి ఒకటి చెప్పాలి. అరుదు అన్న సంగతిని సరిగ్గా ఎలా వాడాలో చూపించింది కూడా ఆయనే. నక్షత్రాల్లో కార్బన్ తయారవ్వడం అప్పటి లెక్కల ప్రకారం మరీ కష్టం. కానీ లోకంలో కార్బన్ బోలెడంత ఉంది. కాబట్టి కార్బన్ కేంద్రకంలో ఇంకా ఎవరూ గమనించని ఒక శక్తిస్థాయి ఉండాలి అన్నాడు, అది ఎక్కడ ఉండాలో అంకె కూడా చెప్పాడు. 1953లో కాలిఫోర్నియాలో ప్రయోగం చేస్తే దాదాపు అక్కడే, 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దొరికింది. తన వివరణను ముందే చెప్పి పరీక్షకు పెట్టాడు.

ఎప్పుడు లెక్క తీయకూడదో కూడా చెబుతాను

ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడి, బతికి బయటపడ్డ మనిషి "వెంకన్న కాపాడాడు" అంటే, మీరు కాగితం పెన్ను తీయకండి. ఆ మాట కృతజ్ఞత. అక్కడ ఎవరూ దేన్నీ రుజువు చేయడం లేదు. ఆ బస్సులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని, కోటిలో ఒకటి అంటూ యాదృచ్ఛికత పాఠం చెప్పకండి, అది కర్మ అని కూడా చెప్పకండి. అదే మనిషి రేపు స్టేజీ ఎక్కి, "నేను బతకడమే దేవుడున్నాడనడానికి సాక్ష్యం, ఒప్పుకోనివాళ్లు మూర్ఖులు" అంటే, అప్పుడు అడగొచ్చు: బస్సులో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది దండం పెట్టుకున్నారు, వాళ్లలో ఎంతమంది దక్కారు. అప్పుడు కూడా "మీరు" అనే అడగండి, గొంతు పెంచకుండా.

వాదనకు కూర్చునే ముందు ఒక పని చేస్తే సగం గొడవ తగ్గుతుంది. ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద "ఏది కనిపిస్తే నేను మనసు మార్చుకుంటాను" అని రాసి మార్చుకోవాలి. మా ఇంట్లో పోయిన సంక్రాంతికి ఇది చేయించాను. మా తమ్ముడు అర పేజీ రాశాడు. మా అత్తగారు మొదట రాయనన్నారు, తర్వాత తన విశ్వాసం ఏ లెక్క మీదా నిలబడి లేదు కాబట్టి ఏ లెక్కా దాన్ని కదపదు అని రెండు వాక్యాలు రాసిచ్చారు. వాడు అది చదివి, ఆవిణ్ణి ఇంతకాలం సంభావ్యతతో ఓడించాలని చూడడం అనవసరమే అన్నాడు. ఆ పూట ఇద్దరూ చెడు ఎందుకుంది, మంచివాళ్లకు కష్టాలెందుకు అన్న దాని మీద మాట్లాడుకున్నారు. ఇంకా ఒప్పందానికి రాలేదు.